ల్యాబ్‌కు చేరని బాణాలు

వరహాలు చనిపోయింది సోమవారం మధ్యాహ్నం ఒంటిగంట ఇరవైకి. అది ప్రమాదమేనని పోలీసులు తేల్చేసింది మంగళవారం సాయంత్రం. గురువారం ఉదయం తొమ్మిదిన్నరకు మధులత వన్ టౌన్‌లో డిటెక్టివ్ పోలిరాజు గది మెట్లెక్కేసరికి, ఆ చావు గురించి ఇంకా ఆలోచిస్తున్న మనిషి ఊళ్లో ఆమె ఒక్కతే.

తడిసిన గొడుగు గుమ్మం బయట ఆనించి, చంకలోని కాగితపు చుట్టను బల్ల మీద పరిచింది. అది మళ్లీ చుట్టుకుపోకుండా ఒక మూల తన చేతిసంచీ, ఇంకో మూల పోలిరాజు టీ గ్లాసూ పెట్టింది.

"ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతానండి. ఈ పటం నేను గీసిందే. దీనివల్లే ఒక మనిషి పోయాడేమోనని మూడు రోజులుగా నిద్ర లేదు."

పోలిరాజు కళ్లజోడు పెట్టుకుని వంగి చూశాడు. నలభై ఎనిమిదేళ్ల మనిషి. జాలరిపేటలో పుట్టి, పోర్టు సెక్యూరిటీలో పద్నాలుగేళ్లు చేసి, పై అధికారి దొంగతనం ఒకటి బయటపెట్టినందుకు ఉద్యోగం పోగొట్టుకుని ఈ పనిలోకి వచ్చాడు. కాగితం నిండా చిన్న చిన్న గుండ్రాలు, ఒక్కో గుండ్రంలో ఒక పేరు, వాటి మధ్య వందలకొద్దీ బాణాలు.

"ఏటమ్మా ఇది? సిక్కుపడిపోయిన వల లాగుంది."

"భానోదయ రోలింగ్ మిల్లు వాళ్లు పెద్ద కంప్యూటర్ సిస్టమ్ కొనాలనుకుంటున్నారు. కొలిమి దగ్గర నుంచి లారీ లోడింగు దాకా అన్నిటినీ కలిపేది. కొనడం మేలో దండగో చెప్పమని నన్ను పిలిచారు. అది కంప్యూటర్‌ని చూస్తే తెలియదండీ. మిల్లుకు ఏం తెలుసు, ఆ తెలివి ఎవరి దగ్గర ఉంది, ముందు అది చూడాలి. అరవై ముగ్గుర్ని ఒకటే అడిగాను. పనిలో చిక్కొస్తే ఎవరి దగ్గరికి వెళ్తావు అని. వాళ్లు చెప్పిన మనిషి వైపు బాణం గీశాను."

"అంటే బాణాలు ఎటెల్తే తెలివి అటున్నట్టు."

"అంతే. కొనే సిస్టమ్ ఆ బాణాల్ని మోయగలిగితే పనికొచ్చినట్టు. బాణమే లేనిచోట కంప్యూటర్ పెడితే దానిమీద దుమ్ము పడుతుంది, అంతే."

నడిమధ్యనున్న పెద్ద గుండ్రంలో వరహాలు పేరు ఉంది. నలభై ఏడు బాణాలు వచ్చి దానికి గుచ్చుకున్నాయి. ఇరవయ్యారేళ్లుగా కొలిమి దగ్గర పనిచేసిన మనిషి. కాగిన ఇనుప దిమ్మె రంగు చూసి అది రాడ్డుగా సాగుతుందో విరుగుతుందో చెప్పేవాడు. అతనికి తెలిసినదేదీ కొత్త సిస్టమ్‌లో లేదనీ, ముందు దాన్ని రాయించుకోకపోతే ఎంత పెద్ద సిస్టమ్ కొన్నా ఉపయోగం ఉండదనీ మధులత నివేదికలో రాసింది.

పోలిరాజు వేలు మాత్రం కాగితం కుడి అంచుకు పోయి ఆగింది. అక్కడ ఒక గుండ్రం ఒంటరిగా ఉంది.

"దీనికి ఒక్క గీతా లేదేటి?"

"టెస్టింగ్ ల్యాబ్. రాడ్లను లాగి చూసి, బలంగా ఉన్నాయని సర్టిఫికెట్ ఇచ్చే చోటు. అరవై ముగ్గురిలో ఒక్కరు కూడా ల్యాబ్‌ను అడుగుతామని చెప్పలేదు. ల్యాబ్ వాళ్లూ ఎవర్నీ అడగరు. కానీ కొత్త సిస్టమ్‌లో సగం యంత్రాలు కావాలన్నది ల్యాబ్ మేనేజరే, సర్టిఫికెట్లు కంప్యూటరే అచ్చేసి ఇచ్చేలాగ. ఆ భాగం కొనొద్దని రాశాను. శనివారం అందరి ముందూ ఈ పటం చూపించాను. సోమవారం వరహాలు..."

"వరహాలు సచ్చిపోయింది ఎక్కడమ్మా?"

"ల్యాబ్‌లోనే. రాడ్డును లాగే మిషన్ దగ్గర. రాడ్డు తెగి, ముక్క ఎగిరొచ్చి కణతకు తగిలిందట."

పోలిరాజు కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. "ఎవురూ ఎల్లని గది. ఆ గదితో అవసరమే లేని మనిషి. సోమవారం మాత్రం అక్కడికెందుకెల్లినాడు?"

అతను చొక్కా మార్చుకోవడానికి లోపలికి వెళ్లాడు.

* * *

పదకొండింటికి ఇద్దరూ మిల్లులో ఉన్నారు. ఇన్సూరెన్సు కాగితాల కోసం వచ్చామని చెబితే గేటు దగ్గర ఎవరూ అడ్డుపెట్టలేదు. కొలిమి ముందు వరహాలు నిలబడే చోట ఇప్పుడు అతని కింద పనిచేసిన సత్యం నిలబడి ఉన్నాడు. చేతిలో పొడుగాటి ఇనుప కొక్కెం. కళ్లు లోపలికి పోయాయి. మూడు రోజులుగా మిల్లంతా వచ్చి అతన్నే అడుగుతోంది, అతనికి మాత్రం అడగడానికి ఎవరూ లేరు.

"సోమవారం ఎన్ని గంటలకు ఎల్లినాడు వరహాలు ఇక్కణ్ణించి?" అని పోలిరాజు అడిగాడు.

"ఒంటిగంటా అయిదు."

"అంత కచ్చితంగా ఎలా సెప్పగలవు?"

"కరెంటు పోయుంది బాబు. మిల్లాగిపోతే ఎప్పుడు ఆగింది, ఎప్పుడు లేసింది ఈ పుస్తకంలో రాయాల. అందుకని గడియారం సూత్తనే ఉన్నాను." సత్యం మసి పట్టిన షిఫ్టు పుస్తకం తెరిచి చూపించాడు. సోమవారం పేజీలో వంకర అక్షరాలతో రాసి ఉంది. పన్నెండూ యాభైకి కరెంటు పోయింది. ఒంటిగంటా నలభై అయిదుకు వచ్చింది.

పోలిరాజు ఆ రెండు అంకెల మీద చాలాసేపు చూపు నిలిపాడు.

"జనరేటర్ లేదేటి?"

"ఉంది. గానీ ఈ కొలిమి ఫ్యానుకీ, ఈ షెడ్డులో లైట్లకీ అంతే."

"ఎల్లేటప్పుడు ఏటన్నాడు?"

సత్యం అటూ ఇటూ చూశాడు. కొలిమి హోరులో మధులతకు వినిపించనంతగా గొంతు తగ్గించాడు. "తువ్వాల్లో మూరెడు రాడ్డు ముక్క సుట్టుకున్నాడు. ఏటది బావా అంటే, నాలుగొందల పదిహేడు అన్నాడు. మరేటీ అన్లేదు."

ఒకసారి కొలిమిలో కాగి బయటికొచ్చిన ఇనుమంతటికీ ఒక నంబరు ఇస్తారు. మిల్లులో దాన్ని హీటు నంబరు అంటారు. నాలుగు వందల పదిహేడో హీటు తీసి నెల దాటింది. ఆ రాడ్లు వంచి చూస్తే పుల్లల్లాగ విరిగిపోయాయని, వరహాలు వాటికి ఎర్ర రంగు పూయించి, పంపడానికి వీల్లేదని పక్కన పెట్టించాడని సత్యం చెప్పాడు.

"ఇప్పుడెక్కడున్నాయవి?"

"నాలుగు రోజులాగి సూత్తే లేవు. మల్లీ కరిగించీడానికి అట్టుకుపోనారేమో అనుకున్నాం. వరహాలు బావ కూడా అలాగే అనుకున్నాడు, మొన్న ఆదివారం దాకా."

"ఆదివారం ఏటయింది?"

"అది నాకు తెల్దు. సోమవారం పొద్దున్న నూకాలొచ్చి ఏటో సెవిలో సెప్పింది. అప్పట్నించీ ఆడి మొకం మొకంలా లేదు."

ఈ నూకాలు ఎవరని పోలిరాజు అడగబోతుండగా రాడ్లు సాగదీసే రోలర్ల దగ్గర ఎవరో కేకేశారు. సత్యం కొక్కెం పట్టుకుని పరుగెత్తాడు.

* * *

ల్యాబ్ ఒకే గది. గోడలకు తెల్ల సున్నం, నేలంతా శుభ్రంగా కడిగి ఉంది. మధ్యలో మనిషెత్తు యంత్రం. పైన ఒక దవడ, కింద ఒక దవడ, చుట్టూ ఇనుప జాలీ తలుపు. మేనేజర్ నాగవంశీ ముప్పయ్యారేళ్లవాడు, ఇస్త్రీ మడత చెదరని చొక్కా. అతని హెల్మెట్ మేకుకు వేలాడుతోంది, కొన్నప్పటి ప్లాస్టిక్ కవరు ఇంకా తీయలేదు. వెనక గోడ మీద అద్దం కట్టిన ప్రశంసాపత్రం. ఎనిమిది నెలల్లో ఒక్క రాడ్డు కూడా తిరస్కరణకు గురికానందుకు అది యాజమాన్యం ఇచ్చినది.

"పోలీసులకు అంతా చెప్పానండి," అన్నాడు నాగవంశీ.

"నాకూ ఓసారి సెప్పండి. నాను కొంచెం మందబుద్ధి."

"ఒంటిగంట పావుకి వరహాలు వచ్చాడు. టెస్టు ఎలా చేస్తారో చూస్తానన్నాడు. రాడ్డు బిగించి మిషన్ ఆన్ చేశాను. జాలీ తలుపు వేసుకోమన్నా వినలేదు, ముందుకు వంగాడు. ఒంటిగంట ఇరవైకి రాడ్డు తెగింది. కింది ముక్క ఎగిరి తగిలింది. నేను డాక్టర్ కోసం పరుగెత్తాను." చెబుతూనే ఫైల్లోంచి ఒక కాగితం తీసి ఇచ్చాడు. "ఆ టెస్టు రిపోర్టు ఇదిగో. తెగే ముందు నూటికి ఇరవై రెండు వంతులు సాగింది. మంచి రాడ్డు. దురదృష్టం, అంతే."

పోలిరాజు వంగి యంత్రం కింద చెత్త తొట్టె చూశాడు. ఖాళీ. దవడల మీద చూపుడువేలు రాశాడు, వేలికి తుప్పు అంటింది. "రోజుకెన్ని సర్టిఫికెట్లిస్తారు?"

"ఆరో, ఏడో."

"తెగిన ముక్కలు ఏవీ?"

"ఎప్పటికప్పుడు తీసి పారేస్తాం."

"సరే. హీటు నంబరు నాలుగొందల పదిహేడు సర్టిఫికెట్ సూపించండి."

నాగవంశీ చేతిలో ఫైలు మూసుకుంది. అతను నోరు తెరిచేలోపే గుమ్మంలో బూట్ల చప్పుడైంది.

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ భీమశంకరరావుది గోదావరి జిల్లా. విశాఖ వచ్చి ఆరేళ్లయినా మాటలో ఆ సాగదీత పోలేదు. వెనక ఇద్దరు కానిస్టేబుళ్లు.

"ఏవండీ పోలిరాజు గారూ, ఇన్సూరెన్సు వాళ్లెప్పటి నుంచీ మీకు జీతం ఇస్తున్నారేంటి? మీరు గేటు దాటగానే ఈయన ఫోన్ చేసి చెబితే నవ్వొచ్చిందండీ. పోర్టులో ఉద్యోగం పోగొట్టుకున్నా బుద్ధి రాలేదన్నమాట."

"బుద్దొచ్చింది సార్. అందుకే గడియారం సూసుకోడం నేర్చుకున్నాను."

"నేను మూసేసిన కేసులో చెయ్యి పెడితే చెయ్యి విరుగుద్ది. పోస్టుమార్టం అయిపోయింది. తగిలిన ముక్క దొరికింది. చూసిన సాక్షి ఉన్నాడు. ఇంకేం కావాలి మీకు?"

"ఆ ముక్కను ఒక్కసారి సూడాల."

"కోర్టుకు పంపుతున్నాను. జీపులో ఉంది. చూపించను."

"సూపించకండి. ఒక్క ప్రశ్నకి మాత్రం జవాబు సెప్పండి. పన్నెండూ యాభై నించి ఒంటిగంటా నలభై అయిదు దాకా మిల్లులో కరెంటు లేదు. ఈ మిషను మోటారు మీద నడుస్తాది. ఒంటిగంట ఇరవైకి రాడ్డునెలా తెంపింది?"

ఇన్‌స్పెక్టర్ ముఖంలో నవ్వు అలాగే ఉంది గానీ, కళ్లు మాత్రం నాగవంశీ వైపు తిరిగాయి.

"జనరేటర్ ఉందండీ," అన్నాడు నాగవంశీ వెంటనే.

"ఆ లైను ఈ గదికి లేదు సార్. నా మాట నమ్మొద్దు. మెయిన్ ఆపించి, జనరేటర్ వేయించండి."

భీమశంకరరావు ఒక్క క్షణం ఆలోచించాడు. ఎంత అహంకారి అయినా చేతికందిన ఆధారాన్ని వదిలే రకం కాదు. కానిస్టేబుల్‌తో కబురు పంపించాడు. రెండు నిమిషాల్లో గదిలో ఫ్యాను ఆగిపోయింది. యంత్రం మీది ఎర్ర దీపం ఆరిపోయింది. దూరంగా జనరేటర్ మొదలైన చప్పుడు వినిపించింది. కిటికీలోంచి చూస్తే కొలిమి షెడ్డులో లైట్లు వెలుగుతున్నాయి. ల్యాబ్‌లో మాత్రం మబ్బు చీకటి.

ఇన్‌స్పెక్టర్ స్వయంగా వెళ్లి యంత్రం ఆకుపచ్చ బటన్ నొక్కాడు. మళ్లీ నొక్కాడు. ఏమీ కదల్లేదు.

"ఆ ముక్క పట్రారా," అన్నాడు కానిస్టేబుల్‌తో. ఈసారి గొంతులో సాగదీత లేదు.

గుడ్డసంచిలోంచి తీసిన మూరెడు రాడ్డు ముక్కను పోలిరాజు ముట్టుకోలేదు. కిటికీ దగ్గర వెలుతుర్లో పట్టుకోమని, తెగిన కొసను చూపించాడు.

"మా ఇళ్లల్లో తాళ్లు తెగడం సిన్నప్పట్నించీ సూసినాను సార్. లాగితే తెగిన తాడు తెగినకాడ ముందు సన్నబడతాది. మంచి ఇనుమూ అంతే. సాగుతాది, మెడ సన్నబడతాది, అప్పుడు తెగుతాది. ఈ కొస సూడండి. సుద్దముక్క ఇరిచినట్టు సదునుగా ఉంది. ఈయన రిపోర్టులో నూటికి ఇరవై రెండు వంతులు సాగిందని రాసినాడు. సాగింది ఎక్కడ?"

ఇన్‌స్పెక్టర్ రిపోర్టు అందుకుని ఆ అంకె చూశాడు.

"మిషను తెంపలేదు. వరహాలే దీన్ని వంచి, ఇరిచి, తువ్వాల్లో సుట్టుకుని తెచ్చినాడు, ఈ హీటుకి సర్టిఫికెట్ ఎలాగిచ్చినావని అడగడానికి. ఈ ముక్కతోటే ఆణ్ణి కొట్టినారు. ఈ గదిలో ఎనిమిది నెలలుగా ఒక్క రాడ్డూ లాగలేదు సార్. అందుకే ఒక్క రాడ్డూ తప్పలేదు. అందుకే ఈ గదికి ఎవురూ రారు. మధులతమ్మ పటంలో బాణం లేనిది అందుకే."

నాగవంశీ కుర్చీ కోసం చేత్తో తడిమాడు. "అతను అరిచాడండీ," అన్నాడు సన్నగా. "యజమాని దగ్గరికి వెళ్తానన్నాడు. నేను వెళ్లొద్దని మాత్రమే..." అక్కడితో ఆగిపోయాడు. తనేమన్నాడో తనకే అప్పుడు వినిపించింది.

భీమశంకరరావు కానిస్టేబుల్ వైపు చూశాడు. "ఈయన కుర్చీలోంచి లేవకూడదు. ఫోన్ ముట్టుకోకూడదు."

అప్పటిదాకా గుమ్మం పక్కన నిలబడ్డ మధులత ముందుకొచ్చింది.

"పోలిరాజుగారూ, మంగళవారం ఈయన నాకు ఫోన్ చేశారు. వరహాలు పోయాడు కదా, ఇప్పుడు మిల్లు ఎవర్ని అడగాలి అన్నారు. మిల్లు మీద బెంగ అనుకున్నాను. వరహాలు పేరు తీసేసి, బాణాలన్నీ మళ్లీ సరిచూసి రెండో పటం గీసి పంపాను."

"ఎవుళ్ల పేరొచ్చింది?"

"నూకాలు. కట్టలకు రేకుముక్కల మీద హీటు నంబర్లు రాసి కట్టే ఆవిడ. చదువు రాదు, అంకెలొక్కటే వచ్చు. ఏ హీటు ఏ లారీ ఎక్కిందో, ఎక్కడ దిగిందో అందరూ ఆమెనే అడుగుతారు. నేనే... నేనే ఆయన చేతికి ఆ పేరు ఇచ్చాను."

పోలిరాజు అప్పటికే గేటు వైపు నడుస్తున్నాడు.

గేటు పుస్తకంలో పదకొండూ ఇరవైకి ఒక లారీ బయటికి వెళ్లినట్టు ఉంది. డ్రైవరు పక్కన నూకాలు పేరు. కట్టలకు నంబర్లు సరిచూడాలని నాగవంశీ సంతకంతో చీటీ. ఇన్నేళ్లలో ఏ రోజూ నూకాలు లారీ ఎక్కి బయటికి వెళ్లలేదని గేటు మనిషి చెప్పాడు. అప్పుడు సమయం పన్నెండూ పది.

ఇన్‌స్పెక్టర్ తిరిగి ల్యాబ్‌లోకి వెళ్లి, అయిదు నిమిషాల్లో బయటికొచ్చాడు.

"తగరపువలస అవతల మూతబడిన క్వారీ ఒకటుందంట. కొన్నాళ్లు నూకాల్ని అక్కడ షెడ్డులో ఉంచమన్నాడంట. ఉంచమన్నాడో, ఇంకేమన్నాడో డ్రైవరునే అడగాలి." జీపు ఎక్కి, వైర్‌లెస్‌లో లారీ నంబరు చెప్పాడు. తర్వాత పోలిరాజు వైపు చూడకుండానే అన్నాడు. "ఎక్కండి. మేడం గార్ని కూడా ఎక్కమనండి."

దారి పొడుగునా ఆయన ఒక్కసారే నోరు విప్పాడు. "కరెంటు సంగతి నేను అడగాల్సింది."

పోలిరాజుకు అనడానికి చాలా మాటలు ఉన్నాయి గానీ, అవేవీ లారీని ఆపవు.

* * *

ఒంటిగంటన్నరకు తగరపువలస బజారు చివర టీ దుకాణం ముందు లారీ దొరికింది. డ్రైవరును కిందికి దింపారు. పక్క సీటు ఖాళీ.

"నాకేటీ తెల్దు బాబూ! టీకి ఆపితే దిగి పరుగెట్టింది. ఆటో ఎక్కీసింది. బడి, బడి అని అరుత్తంది."

ఏ బడి అన్నది టీ దుకాణం వాళ్లు చెప్పారు. రోడ్డు నుంచి కిలోమీటరు లోపల ఒక ప్రైవేటు బడి, కొత్త గదులు కడుతున్నారు. జీపు బురదలో జారుతూ అక్కడికి చేరేసరికి పిల్లలంతా వానలో మైదానంలో నిలబడి ఉన్నారు. మాస్టార్లు కేకలేస్తున్నారు. కొత్త వరండా స్లాబుకు దూరంగా పనివాళ్లు సుత్తులు చేత్తో పట్టుకుని నించున్నారు. స్లాబు పోసి ఇరవై ఒక్క రోజులైంది. ఆ ఉదయం నుంచి కింద ఆసరాగా పెట్టిన కర్రలు విప్పుతున్నారు. మూడు వరసల్లో రెండు వరసలు తీసేశారు.

మూడో వరసలో మధ్య కర్రను రెండు చేతులతోనూ కావిలించుకుని ఒక ఆడమనిషి నేల మీద కూర్చుంది. జుట్టు ముడి ఊడిపోయి ఉంది. నుదుటి మీద నంబర్లు రాసే తెల్లరంగు మరక. ఆమెను కొట్టకుండా ఆ కర్రను కొట్టడం ఎవరి వల్లా కాదు.

"పిచ్చిదండీ," అన్నాడు కాంట్రాక్టరు మనిషి. "లోపల పిల్లలు పాఠం వింటుంటే వచ్చి అందర్నీ బయటికి తరిమేసింది. కర్ర వదలదు."

పోలిరాజు పైకి చూశాడు. స్లాబు అడుగున ఈ చివర నుంచి ఆ చివర దాకా వెంట్రుకంత గీత ఒకటి పాకి ఉంది. దాని వెంట సిమెంటు పొడి సన్నగా రాలుతోంది.

"నూకాలమ్మా!"

"ఎవురు నువ్వు?"

"జాలరిపేట పోలిరాజుని. వరహాలు కోసరం వచ్చినాను. పిల్లలందరూ బయటికొచ్చీసినారు. ఇంక లే."

"మా మనవరాలు దుర్గొచ్చిందేటి? ఎర్ర రిబ్బను. రెండో తరగతి."

మధులత మైదానంలోకి పరుగెత్తింది. ఎర్ర రిబ్బను పిల్లను ఎత్తి పట్టుకుని చూపించింది. నూకాలు ఆ పిల్లను చూసి, కర్రను చూసి, నెమ్మదిగా చేతులు విడదీసింది. కాళ్లు తిమ్మిరెక్కి నిలబడలేకపోతే పోలిరాజు, ఇన్‌స్పెక్టర్ చెరో రెక్కా పట్టుకుని లాక్కొచ్చారు. పనివాళ్లందర్నీ మైదానం అవతలికి పంపించేశారు.

రెండూ పదికి స్లాబు నడుం విరిగినట్టు కిందికి వంగింది. వంగి, కాసేపు అలాగే ఆగింది. తర్వాత మిగిలిన కర్రలన్నిటినీ ఒక్కసారి తొక్కుకుంటూ కూలిపోయింది. ధూళి వానలో కలిసి తెల్లటి నీళ్లయి మైదానంలోకి పారింది. పిల్లలు ఏడవడం కూడా మర్చిపోయారు.

* * *

బడి వంటషెడ్డులో నూకాలును కూర్చోబెట్టి నీళ్లిచ్చారు. దుర్గ ఆమె ఒళ్లో ఉంది. చీర కొంగుతో పిల్ల తల తుడుస్తూనే చెప్పింది.

"నా కూతురిది ఈ ఊరే బాబు. ఆదివారం సూడ్డానికొచ్చి, ఈ బడికాడ మిగిలిపోయిన కట్ట సూసినాను. దానికి నా సేతి రేకు. నాలుగొందల పదిహేడు. నా సేతి ఏడంకె నాకు తెల్దేటి? ఎర్ర రంగు గోకీసినారు గానీ రేకు తీయడం మరిసిపోనారు. సోమవారం పొద్దున్న వరహాలుకి సెప్పినాను. నువ్వేటీ అనకు, నానెల్లి అడుగుతానన్నాడు." పిల్ల తల తుడవడం ఆపింది. "నాను సెప్పకపోతే బతికుండును."

మధులత ఆమె పక్కన నేల మీదే కూర్చుండిపోయింది.

"లారీలో ఎందుకెక్కినావమ్మా?" అని పోలిరాజు అడిగాడు.

"ఈ రోడ్డే ఎల్తాదని ఎక్కినాను. దారిలో డ్రైవరు, దిగాక ఎనక్కి రావడం ఉండదులే అన్నాడు. ఎందుకన్నాడో తెల్దు. దుర్గని బయటికి తెచ్చీసినాక ఏటైనా పరవాలేదనుకున్నాను."

భీమశంకరరావు టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. మొదటిసారి ఆయన గొంతులో అధికారం లేకుండా అడిగాడు. "అమ్మా, ఇలా ఎర్ర రంగు పూసి, తర్వాత కనపడకుండా పోయినవి ఇంకేమైనా ఉన్నాయా?"

"ఉన్నాయి బాబు. దీంతో పదకొండు."

"అవి ఎటు వెళ్లాయో తెలుసా?"

"లారీలోళ్లు సెప్తారు కదా. ఇన్నది మరిసిపోను. రాసుకుంటావా?"

ఇన్‌స్పెక్టర్ జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. మధులత కూడా సంచిలోంచి తెల్లకాగితం తీసింది. పెన్ను తెరిచింది.

నూకాలు కళ్లు మూసుకుంది. చీకట్లో రేకుముక్కలు ఒక్కొక్కటీ తడిమి చూస్తున్నట్టు, ఆగి ఆగి చెప్పింది. "మూడొందల తొంబయ్యారు. భీమిలి రోడ్డులో కల్యాణ మండపం, మేడ మెట్లు. మూడొందల నలభై. ఊళ్లో కొత్త ఆసుపత్రి, రెండో అంతస్తు. రెండొందల పన్నెండు..."

"ఊ, రెండు వందల పన్నెండు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్ రాస్తూ.

"పోలీసు క్వార్టర్లు. కొత్తవి. ఏసంకాలంలో కట్టినారే, అవి. రెండు లారీలెల్లాయి."

ఇన్‌స్పెక్టర్ పెన్ను పుస్తకం మీద ఆగిపోయింది. భీమశంకరరావు తలెత్తి అడిగాడు. "ఏ బ్లాకమ్మా?"

"అది నాకు తెల్దు బాబు."

ఆయన లేచాడు. మోకాలి మీది టోపీ బురదలో పడితే చూసుకోలేదు. వానలోనే హెడ్మాస్టర్ గదికి పరుగెత్తి ఫోన్ అందుకున్నాడు. తెరిచి ఉన్న తలుపులోంచి ఆయన వీపు కనిపిస్తోంది. నంబరు తిప్పాడు. రిసీవరు చెవికి నొక్కి పెట్టుకుని నిలబడ్డాడు. పెట్టేసి మళ్లీ తిప్పాడు.

"పోయిన నెలలోనే మారామండీ ఆ క్వార్టర్లకి," అన్నాడు గుమ్మంలోని కానిస్టేబుల్ మెల్లిగా. "సారు, అమ్మగారు, ఇద్దరు పిల్లలు. నేను కూడా. మేం కింద, వాళ్లు పైన."

"భ్రమరా, ఫోన్ ఎత్తు," అంటున్నాడు ఇన్‌స్పెక్టర్ ఎవరికీ కాకుండా. "ఎత్తవే."

అవతల ఎవరూ ఎత్తడం లేదు.

ఇన్‌స్పెక్టర్ వదిలేసి వెళ్లిన పుస్తకం పోలిరాజు తీసుకుని, రెండు వందల పన్నెండు కింద గీత గీశాడు. "తరువాతది సెప్పమ్మా," అన్నాడు.